వంతు వాడిదే అన్నాను

మీకు నేనెవరో తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

కాలేజీలో చదివే రోజుల్లో నేనొక మాటన్నాను. చాలా చిన్న మాట. ఆ మాటను లోపల పెట్టుకునే, ఉద్యోగంలో చేరాను, పెళ్ళి చేసుకున్నాను, పిల్లల్ని పెంచాను, రిటైరయ్యాను. బరువంటే నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం అనుకుంటారేమో. అలాంటిదేమీ లేదు. నిద్ర బాగానే పట్టింది. అన్నం బాగానే తిన్నాను. ఎవరైనా నన్ను మంచివాడన్నప్పుడు మాత్రం లోపల ఎక్కడో ఏదో బిగుసుకునేది. కాసేపటికి సర్దుకునేది. ఇంత తప్పుని మనిషి ఇంత మామూలుగా మోసుకు తిరగగలడా? తిరిగాను కదా. నాకు భయం వేసేది అదే.

మొదట్నించీ చెప్తాను. మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తే మీరే పట్టుకోండి.

మా నాన్న విశాఖపట్నం పోర్టులో క్రేను నడిపేవాడు. మాది క్యాథలిక్ కుటుంబం. పాత ఊళ్ళో, చర్చి గంట వినబడే వీధిలో ఉండేవాళ్ళం. అమ్మ తమ్ముడు, మా మావయ్య, పెందుర్తిలో వ్యవసాయం చేసేవాడు. ఇది డెబ్బైల చివరి మాట. పెందుర్తిలో అప్పటికి ఇన్ని కాలనీలు లేవు. మావయ్యకి కొండవార మెట్ట భూమి ఉండేది. అడవిపందులు వేరుశెనగ తవ్విపోస్తున్నాయని లైసెన్సు పెట్టుకుని ఒంటిగొట్టం తుపాకి కొన్నాడు. ఆయన దాన్ని పేల్చడం తక్కువే. నాకు మాత్రం నేర్పాడు. నేర్పేటప్పుడు ఒకటే చెప్పాడు, కనబడని దాని మీద ఎప్పుడూ పేల్చొద్దని. ఏ జంతువో, ఎటు తిరిగి ఉందో కళ్ళారా చూశాకే మీట మీద వేలు పెట్టమన్నాడు.

ఇంటర్మీడియట్ సెలవుల్లో మొదటి కౌజుపిట్టను కొట్టాను. చేతిలోకి తీసుకుంటే ఇంకా వెచ్చగా ఉంది. పాపం అనిపించలేదు. మీ దగ్గర దాచడమెందుకు, ఆ రోజు నాకు కలిగినంత సంతోషం తర్వాత ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు.

బియ్యెస్సీలో చేరాక చిక్కు మొదలైంది. కౌజులు తెల్లవారుజామున మేతకొస్తాయి, ఎండెక్కేసరికి డొంకల్లో దూరిపోతాయి. మళ్ళీ ఎండ వాలాకే బయటికొస్తాయి. నాకేమో పగలంతా కాలేజీ. ఆదివారం ఖాళీ అనుకుందామంటే పొద్దున్నే చర్చిలో పూజ, ఎగ్గొడితే అమ్మ ఊరుకోదు. అందుకని టైంటేబుల్ని వేటగాడిలాగా చదవడం మొదలుపెట్టాను. బుధవారం మధ్యాహ్నం ల్యాబు. రికార్డు ముందే రాసేసుకుని అటెండరుని మంచి చేసుకుంటే పెందరాళే బయటపడొచ్చు. శనివారం మొదటి పీరియడు ఇంగ్లీషు. ఆ మాస్టారు హాజరు పిలిచేటప్పుడు తలెత్తి చూడరు, నా బదులు ఎవరు పలికినా చెల్లిపోతుంది. శుక్రవారం సాయంత్రం బస్సెక్కి మావయ్యింట్లో పడుకుంటే, శనివారం తెల్లారేసరికి కొండవార ఉండొచ్చు, రెండో పీరియడు సగంలో క్లాసుకి రావొచ్చు. ప్యాంటు అంచుల నిండా పల్లేరుకాయలు, అంటుకునే గడ్డి గింజలు. ఒకసారి బాటనీ మాస్టారు నా కాళ్ళకేసి చూసి, ఆ గింజలన్నిటికీ శాస్త్రీయ నామాలు చెప్పి అప్పుడు కూర్చోమన్నారు. చెప్పాను. క్లాసంతా నవ్వింది. ఆయనా నవ్వారు.

నూకరాజు నాకు దగ్గరైంది ఆ రోజే. నా వెనక బెంచీలో కూర్చునేవాడు. అప్పటిదాకా ఇద్దరం పెద్దగా మాట్లాడుకున్నది లేదు. నేను కూర్చోగానే ముందుకు వంగి, "గింజలే కాదు బావా, నీ సొక్కాకి ఈక కూడా ఉంది" అని మెల్లిగా దాన్ని తీసి నా చేతిలో పెట్టాడు. చూసి, "కౌజుదే కదా" అన్నాడు. అంతే. మర్నాటి నుంచి ఒకే బెంచీ.

చోటు దొరకడం కాలం దొరకడం కంటే కష్టమైంది. పెందుర్తి కొండల్లో ఎటు చూసినా మేకల కాపరులే. సింహాచలం కొండ మీద దేవస్థానం వాళ్ళు పట్టుకుంటారు. మేఘాద్రిగెడ్డ నీళ్ళ మీద బాతులు దిగుతాయి గానీ అక్కడ కాపలా. వేటకి చట్టాలున్నాయని వినడమే తప్ప మేమెప్పుడూ చదవలేదు, చదివినా మానేవాళ్ళం కాదేమో. అలా చోటు కోసం నేను గింజుకుంటున్నప్పుడు నూకరాజు, మా ఊరికి పోదాం రా అన్నాడు. ఇప్పుడక్కడ మనుషుల్లేరు అన్నాడు.

వాళ్ళది గాజువాక అవతల చిన్న ఊరు. స్టీల్ ప్లాంటు కోసం తీసుకున్న భూముల్లో పోయింది. అందరికీ గాజువాక పక్కన స్థలాలిచ్చారు. వాళ్ళు ఊరు ఖాళీ చేసి అట్టే కాలం కాలేదు. ప్లాంటు పని అటువైపు ఇంకా రాలేదు. పైకప్పుల తాటాకూ దూలాలూ జనం విప్పుకుపోయారు, మట్టి గోడలు మాత్రం మిగిలాయి. చేలన్నీ బీడుపడి తుప్పలు లేచాయి. ఎవరూ రాని ఆ తుప్పల నిండా కౌజులు, పూరేళ్ళు, కుందేళ్ళు. మొదటిసారి వెళ్ళినప్పుడు తన ఇల్లు చూపించాడు. ఇక్కడ ఎడ్లను కట్టేవాళ్ళం, ఇక్కడ అమ్మ వండేది అని చెప్తూంటే, వంటగది మూల నుంచి ఒక కుందేలు లేచి పరుగెత్తింది. వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. వాడు ఎందుకు నవ్వాడో నేను ఆలోచించలేదు. నా ఆలోచనంతా తుపాకి ఎక్కించుకోలేదే అని.

వాడు వాళ్ళింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు. భూమి తాత పేరు మీద ఉండేది, అందుకని ఇద్దరు కొడుకుల కుటుంబాలకీ కలిపి ప్లాంటులో ఒకటే ఉద్యోగం రావాలి. చదువుకున్నవాడికైతే మంచి ఉద్యోగమిస్తారని, నూకరాజు డిగ్రీ అయ్యేదాకా ఆగుదామని ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్నారు. వాడి నాన్న, చిన్నాన్న పైడయ్య, ఆ రెండిళ్ళ ఆడవాళ్ళు, అందరూ. ఆ సంగతి నాకు తెలుసు. ఇది ముందే చెప్తున్నాను, తర్వాత తెలియదన్నట్టు మాట్లాడతానేమోనని.

ఫైనలియరు పరీక్షల ముందు సెలవులిచ్చారు. చదువుకోడానికి పోతున్నానని ఇంట్లో చెప్పేవాణ్ణి. అది పూర్తిగా అబద్ధం కాదు. ఎండెక్కాక జీడిమామిడి చెట్ల కింద కూర్చుని వాడు నోట్సు చదివేవాడు, నేను వినేవాణ్ణి. తుపాకి రెండు ముక్కలుగా ఊడదీసి బొంతలో చుట్టి, పెందుర్తి నుంచి మొదటి బస్సులో తెచ్చేవాణ్ణి. గాజువాకలో వాడు సైకిలుతో ఉండేవాడు. తూటాలు తక్కువ కాబట్టి మా మధ్య ఒక ఒప్పందం ఉండేది. తగిలినా తప్పినా ఒక్క దెబ్బ, ఆ తర్వాత తుపాకి అవతలివాడి చేతికివ్వాలి. వంతు. ఆ మాట పెట్టింది వాడే. నేనెప్పుడూ నా వంతయ్యాక తుపాకి ఇవ్వడానికి కొంచెం ఆలస్యం చేసేవాణ్ణి. వాడు చెయ్యి చాపి నవ్వుతూ నిలబడేవాడు.

ఆ రోజు పొద్దున్నే నేను ఒక కౌజు మీద పేల్చాను. తప్పింది. చాలా సులువైన దెబ్బ, తప్పకూడనిది. సిగ్గేసింది. కోపమొచ్చింది. తుపాకి మడిచి ఖాళీ తూటా లాగేసి కొత్తది ఎక్కించాను. వాడు చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు. ఇంకొక్కటి, అన్నాను. వాడు చెయ్యి దించేసుకున్నాడు.

జీడితోట చివర ఒక పెద్ద తుప్ప. అందులో ఏదో కదిలింది. నేల మీదుగా, గోధుమ రంగుగా. ఆగింది, మళ్ళీ కదిలింది. కుందేలు కంటే పెద్దది. పంది పిల్ల అనుకున్నాను. అనుకున్నానా? అనుకోవాలనుకున్నాను. వాడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆగు బావా, ఏటో సూద్దాం, అన్నాడు. ఆ మాట నాకు స్పష్టంగా వినబడింది. మావయ్య చెప్పిందీ ఆ క్షణంలో గుర్తుంది. గుర్తుండగానే పేల్చాను.

లోపలి నుంచి మనిషి కేక.

ఆ కేక ఎవరిదో నాకంటే ముందు వాడికి తెలిసింది. సిన్నాన్నా అంటూ తుప్పలోకి దూకాడు. పైడయ్య జీడిపళ్ళు ఏరుకోడానికొచ్చాడు. ఆ చెట్లు వాళ్ళ తాత నాటినవి. భూమి పోయినా పళ్ళ కాలానికి ఆయన కాళ్ళు ఊరుకోలేదు. నేల మీద కూర్చుని గోనెసంచీని పక్కకి జరుపుకుంటూ గింజలు వలుస్తున్నాడు. నేను చూసింది ఆ గోనెసంచీని. చిన్న పిట్టల తూటా కాబట్టి ప్రాణం పోలేదు. చెంపలోనూ భుజంలోనూ సీసపు గుళ్ళు దిగాయి. ఒకటి కంట్లో దిగింది.

నేను నిలబడ్డచోటే నిలబడ్డాను. నూకరాజు చొక్కా విప్పి ఆయన ముఖానికి కట్టి, వీపు మీద వేసుకున్నాడు. ఎత్తుకుంటూనే నాకేసి చూసి, తుపాకి పట్టుకుని మీ మావయ్య దగ్గరికెళ్ళిపో బావా, ఇక్కడుంటే గొడవైపోద్ది, నాను సూసుకుంటాను అన్నాడు. నా మేలు కోరి అన్నాడు. నేను వెళ్ళాను. నేనూ ఒక చెయ్యి వేసి ఆయన్ని మోస్తే రోడ్డు దాకా తొందరగా వెళ్ళేవాళ్ళం. ఆ ఆలోచన నాకు బస్సులో కూర్చున్నాక వచ్చింది.

మావయ్య విని కుర్చీలో కూలబడ్డాడు. కేసయితే తుపాకి పోతుంది, లైసెన్సు పోతుంది, నేను జైలుకి పోతాను, నాన్నకి తెలిస్తే ఏమవుతాడో అన్నాడు. ఆసుపత్రిలో నూకరాజు ఎవరు పేల్చారో చెప్పకుండా, పొరపాటున తగిలిందని మాత్రం అన్నాడని కబురు తెలిసింది. పైడయ్యకి ఎవరు పేల్చారో కనబడలేదు. ఆయన్ని ఇంటికి తెచ్చాక, తుపాకి మాదని తెలిసి, వాళ్ళ పెద్దలు మమ్మల్ని రమ్మన్నారు. దారిలో మావయ్య, నువ్వు ఎక్కువ మాట్లాడకు, అడిగినదానికి పొడిగా జవాబు చెప్పు అన్నాడు. అబద్ధం చెప్పమని ఆయన అనలేదు. ఈ తప్పులో మావయ్యకి వాటా లేదు.

కొత్త కాలనీలో, ఇంకా గచ్చు చెయ్యని ఇంటి ముందు, మధ్యాహ్నం పూట కూర్చున్నారు. పైడయ్య గుమ్మంలో మంచమ్మీద ఉన్నాడు, సగం ముఖానికి కట్టు. ఆయన కొడుకు గోవింద తండ్రి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు, మాకంటే రెండు మూడేళ్ళు చిన్న. నూకరాజుని వాళ్ళ నాన్న అడిగాడు. వాడు మొదట తలొంచుకున్నాడు. తర్వాత, దాచి లాభం లేదనుకున్నాడేమో, బావే పేల్చాడు, తెలిసి చెయ్యలేదు, పంది అనుకున్నాడు అని చెప్పాడు. నన్ను తిడుతున్నట్టు కాదు, నన్ను కాస్తున్నట్టే చెప్పాడు. వాడి నాన్న నా వైపు తిరిగాడు.

"నువ్వు సెప్పు బాబూ. ఎవులు పేల్సినారు?"

నేను వాడి ముఖం చూడలేదు. మంచమ్మీదున్నాయన ముఖమూ చూడలేదు. ఎవరి ముఖం చూసినా ఆ మాట వచ్చేది కాదు.

"మేం వంతులవారీగా పేల్చుతాం. ఆ వంతు నూకరాజుదే" అన్నాను.

నిజమే కదా. వంతు వాడిదే. వాడి వంతు వచ్చింది, నేను తుపాకి ఇవ్వలేదు. సగం చెప్పి సగం మింగాను. అబద్ధమాడకుండానే అబద్ధం చెప్పొచ్చని అప్పుడే తెలిసింది. అంత తెలివి అంత తొందరగా నాకెక్కడినుంచి వచ్చింది? భయపడ్డవాడికి మాటలు తడబడాలి కదా? నాకు ఒక్క అక్షరం తడబడలేదు.

వాళ్ళ నాన్న, వంతు నీదా కాదా అని వాణ్ణడిగాడు. వాడు చాలాసేపు నన్నే చూశాడట. మావయ్య తర్వాత చెప్పాడు. చివరికి, వంతు నాదే, అన్నాడు. ఇంకేదో చెప్పబోయాడు. ఈలోగా వాళ్ళమ్మ ఏడుపందుకుంది, వాళ్ళ నాన్న చెయ్యెత్తాడు, ఇంక వాడి మాట ఎవరికీ వినబడలేదు. వినబడినా ఎవరు నమ్ముతారు? తప్పు చేసి పరాయివాడి మీదికి నెట్టబోయి దొరికిపోయినవాడిలా కనబడ్డాడు అందరికీ.

అప్పుడు పైడయ్య మంచమ్మీద నుంచే అన్నాడు, మన పిల్లోడే కదా, పోనీండర్రా, కన్నుదేటుంది అని. చెయ్యి చాపి నూకరాజుని దగ్గరికి పిలిచి తల నిమిరాడు. క్షమించాడు. నాకు అందాల్సిన క్షమ నా కళ్ళముందే వాడికి అందింది. వాడు ఆ చెయ్యి కింద రాయిలా కూర్చున్నాడు. చెయ్యని తప్పుకి క్షమ పుచ్చుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలియదు. తెలుసుకునే హక్కు కూడా నాకు లేదు.

బయటివాడు కొడితే కేసు పెట్టేవారు. ఇంటి పిల్లాడు కాబట్టి పెట్టలేదు. చాలా ఏళ్ళు నేను దీన్ని పట్టుకుని వేలాడాను. నా మాట వల్ల కేసు తప్పింది, మావయ్య బతికాడు, వాళ్ళకీ కోర్టుల చుట్టూ తిరిగే బాధ తప్పింది అని. చూశారా, మొదట చెప్పినట్టే నన్ను నేను వెనకేసుకొస్తున్నాను.

పెద్దలు ఇంకొకటి తీర్మానించారు. కన్ను పోయిన ఇంటికి అన్యాయం జరగకూడదు కాబట్టి ప్లాంటు ఉద్యోగం గోవిందకి రాయించాలని. నూకరాజు కాదనలేదు. పరీక్షలకీ రాలేదు. హాల్లో వాడి నంబరున్న బల్ల ఖాళీగా ఉంది. నేను ఆ బల్లకి రెండు వరసల వెనక కూర్చుని, వాడు జీడిచెట్ల కింద చదివి వినిపించిన జవాబులే రాశాను. ఫస్టు క్లాసొచ్చింది.

తుపాకి మళ్ళీ పట్టలేదు. దాన్ని పశ్చాత్తాపం అనకండి. భయం.

ఎనభైల మధ్యలో నాకూ ఆ ప్లాంటులోనే ఉద్యోగం వచ్చింది, పరీక్ష రాసి. ఉక్కునగరంలో క్వార్టరిచ్చారు. గోవింద అదే డిపార్టుమెంటు. షిఫ్టు బస్సులో నాకోసం సీటు ఆపేవాడు. మా అన్న స్నేహితులు కదండీ, అనేవాడు అందరితో. అన్న ఏం చేస్తున్నాడని నేనెప్పుడూ అడగలేదు, వాడే చెప్పేవాడు. లారీ నడుపుతున్నాడని, ఇంట్లో శుభకార్యాలకి పిలిస్తే వచ్చి ఒక మూల నిలబడి భోజనం కాకుండానే వెళ్ళిపోతాడని. మా నాన్న ఎన్నిసార్లు ఉండమన్నా ఉండడు, ఆ కన్ను వంక చూడలేకపోతున్నాడండీ పాపం, అన్నాడు గోవింద. ఆ పాపం అన్న మాట అన్నప్పుడు నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను.

ఇప్పటిదాకా చెప్పినవి రెండు తప్పులు. అప్పుడు కుర్రాణ్ణి, బెదిరిపోయాను అని ఎవరైనా అనొచ్చు. మూడో తప్పుకి ఆ వంక కూడా లేదు.

అప్పటికి నాకు పెళ్ళయింది. క్రిస్మస్ ముందు పూర్ణా మార్కెట్‌కి సరుకులకెళ్ళాం. నా భార్య కొట్లో బేరమాడుతోంది. రోడ్డు మీద లారీలోంచి బెల్లం బుట్టలు దింపుతున్నారు. డ్రైవరు బానెట్టుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. నేను పక్కకి తప్పుకుందామనుకున్నాను. వాడే చూశాడు. బావా, అన్నాడు. ఆ పిలుపులో ఏమీ మారలేదు. అక్కడే గ్లాసుల్లో టీ తెప్పించాడు. మా నాన్న గురించి అడిగాడు, పిల్లల గురించి అడిగాడు. వాడి వెంట్రుకలప్పుడే నెరుస్తున్నాయి. టీ సగం తాగాక గ్లాసు చేతిలో తిప్పుతూ ఆగాడు.

"ఒక మాట అడుగుతాను బావా. ఏటీ అనుకోకు."

"అడుగు."

"ఆ రోజు తుపాకి నీ సేతిలో ఉందా? నా సేతికి ఇచ్చేసినావా?"

నేను నా భార్య ఉన్న కొట్టు వైపు చూశాను.

"ఇన్నేళ్ళూ అందరూ నానే అంతన్నారు. ఇంట్లో అదే మాట, నా పెళ్ళానికీ అదే తెలుసు. ఒక్కోపాలి నాకే అనిపిత్తంది, నానే పేల్సినానేమో అని. కల్లో కూడా నా సేతిలోనే ఉంటంది. నీకు గుర్తుంటాది కదా, సదువుకున్నోడివి. సెప్పు."

దూషణ లేదు ఆ గొంతులో. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. లేక నాకు తలుపు తీసి పట్టుకున్నాడా, లోపలికి రా అని? ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఎలా అడిగినా నేను చెప్పాల్సింది ఒకటే. నా చేతిలోనే ఉంది, నువ్వు ఆగమన్నావు, నేను వినలేదు. ఆ మాట అంటే నాకిక ఏ కేసూ లేదు. నా ఉద్యోగం పోదు. గోవింద సీటు ఆపడు, అంతే. నా భార్య నన్ను ఒక రోజు వేరేగా చూస్తుంది, అంతే. ఆ కాస్త కోసం,

"గుర్తులేదు బావా. చాలా రోజులైంది కదా" అన్నాను.

వాడు తలాడించాడు. "అవునులే. సేన్నాళ్ళయింది" అన్నాడు. టీ ముగించి గ్లాసు ఇచ్చేసి, లారీ ఎక్కి, చెయ్యూపాడు.

తుపాకి పేల్చి ఒక మనిషి కన్ను తీశాను. మాట చెప్పి ఒక మనిషి బతుకు తీసుకున్నాను. కానీ ఆ మార్కెట్లో వాడి దగ్గర మిగిలింది ఒకటే, తను చెయ్యలేదన్న ఎరుక. అది కూడా వాడి చేతుల్లో ఉండనివ్వలేదు. మూడింటిలో ఏది పెద్దదో నేను ఇప్పుడు చెప్పగలను. మీరూ చెప్పగలరు.

మా మతంలో పాపసంకీర్తనం ఉంది. గురువు ముందు మోకరించి చేసినవి చెప్పుకుంటాం. ఇన్నేళ్ళలో కోపం చెప్పాను, అసూయ చెప్పాను, అమ్మతో ఆడిన అబద్ధాలు చెప్పాను. ఒక ఈస్టరు పండుగ ముందు, ఒకరి మనసు నొప్పించాను ఫాదర్, అని మొదలుపెట్టాను. మాటతోనా చేత్తోనా అని అడిగారు. మాటతో, అన్నాను. మళ్ళీ సగమే చెప్పాను. ఆయన ఆశీర్వదించి పంపారు. ఆ ఆశీర్వాదం కూడా ఎక్కడో దారి తప్పిపోయి ఉంటుంది.

పైడయ్య పోయి చాలాకాలమైంది. మావయ్యా పోయాడు. నూకరాజు ఉన్నాడు. మొన్న గోవింద ఫోను చేసినప్పుడు చెప్పాడు, లారీ మానేశాడని, పెందుర్తిలో కూతురి దగ్గర ఉంటున్నాడని. మా ఇంటి నుంచి పెందుర్తికి బస్సుంది. ముందు వాడికి చెప్పాలి గానీ మాకెందుకు చెప్తున్నావని మీరడగొచ్చు. అడగాలి. జవాబు ఏమంటే, మీ ముఖం నాకు కనబడదు. ఇంకా అంత పిరికివాణ్ణే.

వెళ్తానని మీకు మాటివ్వను. నా మాట ఎలాంటిదో ఇంతసేపూ చూశారు. వెళ్ళినా వాడు నన్ను క్షమించనక్కర్లేదు. క్షమించే బాధ్యత కూడా వాడి మీద పెట్టడం అన్యాయం. ఒకటి మాత్రం జరిగింది. ఇది రాస్తూ ఒకచోట ఆగిపోయి, లేచి వరండాలోకి వెళ్ళి, ఎవరూ లేనప్పుడు, రాయాల్సిన వాక్యాన్ని పైకి అని చూశాను. నా గొంతులో ఆ మాట నేనెప్పుడూ వినలేదు. పరాయి గొంతులా ఉంది. రెండోసారి అన్నాను. అప్పుడు నాదిలాగే ఉంది. ఊపిరి కొంచెం కిందిదాకా దిగింది.

ఆ వాక్యం ఇదీ. ఆ రోజు జీడితోటలో తుపాకి నా చేతిలో ఉంది. నూకరాజు ఆగమన్నాడు. నేను పేల్చాను.